దొంగ చాకులకు ట్యూషన్ మాస్టారు

నెల్లూరులో పాత చాకులు పోగేసే పిచ్చివాళ్ళం నాకు తెలిసి నలుగురైదుగురం. మాకు వాటిని అమ్మేవాళ్ళు మాత్రం అంతకు మూడింతలు ఉన్నారు. ఈ వ్యాపారం ఎలా గిడుతుందో నాకు అర్థం కావడానికి రెండేళ్ళు పట్టింది.

ట్రంకు రోడ్డు పక్క సందులో పాత సామాన్లు పరిచే ఒకాయన మొదట చూపించింది ఇంగ్లండులో చాకుల ఊరు షెఫీల్డు, అక్కడి రాడ్జర్స్ కంపెనీ మడత చాకు. అలుగు, అంటే కోసే రేకు, పిడిలోకి దిగేచోట కంపెనీ ముద్ర: నక్షత్రం, మాల్టా శిలువ. కిరీటానికి అటు వి, ఇటు ఆర్, అంటే విక్టోరియా రెజీనా, విక్టోరియా రాణి.

"విక్టోరియా రాణి కాలం నాటిదన్నా. గూడూరు అభ్రకం గనుల దొర జోబులో ఉండింది. పోతా పోతా మా తాతకిచ్చినాడు."

అలుగు చూస్తే సెలూన్ అద్దంలా తళతళలాడుతోంది. స్టెయిన్‌లెస్ స్టీలు!

ఊరుకోవచ్చు. ఊరుకుంటే పండితుణ్ణి ఎలా అవుతాను? రాణిగారు పోయింది 1901లో, షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ తుప్పు పట్టని స్టీలు తీసింది 1913లో, మధ్యలో ఆవిడ పైనుంచి ఆర్డరు పంపిందా అని నిలదీశాను. ఆయన ఒక్క మాట ఎదురు చెప్పలేదు. "1913 అన్నారు కదన్నా?" అని మళ్ళీ అడిగి అగ్గిపెట్టె మీద రాసుకున్నాడు. ఎంత జ్ఞానతృష్ణ అని మురిసిపోయాను.

నెల తిరక్కుండానే ఇంకొకటి. ఈసారి మామూలు ఉక్కు, ఒళ్ళంతా తుప్పు. సిపాయిల తిరుగుబాటు నాటిదట. అలుగు మీద మాత్రం 'మేడ్ ఇన్ ఇంగ్లండ్'. తమ దేశంలోకి వచ్చే సరుకు మీద పుట్టిన దేశం పేరు ఉండి తీరాలని అమెరికా చట్టం చేసింది 1890లో. అక్కడికి సరుకు పంపే ఇంగ్లండు కంపెనీలు దేశం పేరు కొట్టడం ఎక్కువగా ఆ తర్వాతే. 1857 చాకుకు ఆ తొందరెందుకు? పైగా ఆ తుప్పు! నిజంగా వాడిన చాకు అలుగు సానపెట్టి సానపెట్టి అంచు దగ్గర సన్నబడుతుంది. చెయ్యి తగిలేచోట నున్నగా, తగలనిచోట నల్లగా మచ్చలు పడుతుంది. ఇది మూలమూలలా ఒకే రంగులో ఉంది. వాసన చూశాను. చింతపండు! రెండు మామిడికాయ ముక్కలు, చిటికెడు మెంతిపొడి పడితే అచ్చం మన చేపల పులుసే.

ఇదంతా విడమరిచి చెప్పాను. ఈసారి ఆయన నోటు పుస్తకం తెచ్చుకున్నాడు.

మూడోది ఎముక పిడి. నగల కొట్టువాళ్ళు కంటికి పెట్టుకునే అద్దంలో చూస్తే ఎముక మీద సూదిమొనంత నల్లటి గుంటలు కనిపిస్తాయి, ఒకప్పుడు నెత్తురు పారిన దారులు. ఇందులో ఒక్కటీ లేదు. టీకొట్టు పొయ్యిలో సూది కాల్చి ఓ మూల ఆనించాను. ఎముకైతే వెంట్రుకలు కాలిన కంపు రావాలి. ప్లాస్టిక్ కంపు వచ్చింది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. "కర్పూరం వాసనొస్తే మాత్రం తొందరపడి దొంగదనకూడదు, పాతకాలంలో సెల్యులాయిడ్ పిడులు వేసేవాళ్ళు, అందులో కర్పూరం ఉంటుంది" అని నా విద్వత్తు కొసరుగా వడ్డించాను. మరుసటి వారం ఆయన దగ్గర అరడజను చాకులు. సందు మొదట్లోకే రంగనాయకుల గుళ్ళో హారతి వాసన. పిడులకు కర్పూరం బిళ్ళలు రుద్దాడు మహానుభావుడు!

1972 నాటి చట్టం ప్రకారం ఇలాంటి వస్తువు పురావస్తువు అనిపించుకోవాలంటే నూరేళ్ళు నిండాలి. మన సందులో నూరేళ్ళు నిండడానికి నాలుగు రోజులు చాలు. ఈ పరిశ్రమను ప్రభుత్వం గుర్తించాలనీ, జీతం లేకుండా బోధిస్తున్న నాలాంటి అధ్యాపకులకు కనీసం బస్ పాసు ఇవ్వాలనీ నా డిమాండ్.

మొన్న సంక్రాంతి తర్వాత నాలుగోది తెచ్చాడు. ఉక్కు సరైనది. దేశం పేరు లేదు. ముద్ర లేజరుతో పైపైన గీకింది కాదు, అచ్చుతో లోతుగా కొట్టింది. పిడి మీద గుంటలున్నాయి. అంచు సానకు అరిగింది, గోరు పట్టే గంటు దగ్గర మెరుగుపడింది. మూస్తే 'టక్' మని గట్టిగా పడింది. అరగంట తిప్పి తిప్పి చూశాను, సూది కూడా కాల్చాను. ఒక్క తప్పు దొరకలేదు. నిజమైనదో, నేను చెప్పిన పాఠమో తేల్చుకోలేకపోయాను.

"ఎంత?"

"తొమ్మిది వేలన్నా."

"మొదటిది మూడు వేలేగా అన్నావు?"

"అప్పటికి మీరు చెప్పిన సంగతులు అందులో లేవు కదన్నా."

బేరమాడకుండా ఇచ్చేశాను. కాగితంలో చుట్టి చేతికిస్తూ గొంతు తగ్గించి అడిగాడు. "అన్నా, వచ్చే నెల్నించి పాత జేబు గడియారాలు తెద్దామనుకుంటా ఉండా. వాటి గురించి మీకేమన్నా తెలుసా?"

కుర్చీ లాక్కుని కూర్చున్నాను.