ఐదవ అధ్యాయం గారికి ఒక విన్నపం

గౌరవనీయులైన ‘ప్రత్యామ్నాయాల విశ్లేషణ’ గారికి,

కోలారు జిల్లాలో పుట్టి, బెంగళూరులో ట్యాంకరు నీళ్లతో కాపురం చేస్తున్న ఒక తెలుగువాడు నమస్కరించి వ్రాయునది.

2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్, ప్రాజెక్టుకు అనుమతి కోరుతూ సమర్పించే నివేదికలో అధ్యాయాలు ఏ వరుసలో ఉండాలో చెబుతూ తమకు ఐదవ స్థానం కేటాయించింది. రెండవ అధ్యాయంలో ప్రాజెక్టు వర్ణన, నాల్గవ దానిలో దాని వల్ల కలిగే హాని, ఆ హానికి విరుగుడు అన్నీ ముగిశాక, ఇంతకంటే మంచి దారి మరొకటి ఉందా అని తమరు తీరికగా ఆరా తీస్తారు. శుభలేఖలు పంచి, పందిరి వేసిన తరువాత పెళ్లిచూపులకు బయలుదేరే ఆచారం మా వైపు లేదు. పైగా, స్కోపింగ్‌లో, అంటే నివేదికలో ఏమేమి పరిశీలించాలో ముందుగా తేల్చే దశలో, అవసరమని తేలితేనే తమరు రావాలట.

వచ్చినప్పుడైనా తమరు తెచ్చే సంబంధాలు చూడముచ్చటగా ఉంటాయి: ఎవరూ కట్టలేనంత ఎత్తు ఆనకట్ట ఒకటి, ఎవరూ భరించలేనంత పొడవు సొరంగం ఒకటి, ‘ఏమీ చేయకపోవడం’ అనే అనాథ ఒకటి, వీటి నడుమ ముందే తాంబూలాలు పుచ్చుకున్న వరుడు. చెరువు పూడిక తీయడం, వాన నీరు పారే రాజకాలువల ఆక్రమణలు తొలగించడం, వీధి కింద కారే పైపులు బాగుచేయడం ఆ వరుసలో నిలబడగా నేను చూడలేదు. శిలాఫలకం నాటడానికి వాటి దగ్గర చోటు ఉండదు కాబోలు.

ఇక తమ ఖర్చుల లెక్క. కావేరి నీరు సుమారు 100 కిలోమీటర్ల దూరం నుండి, దాదాపు అర కిలోమీటరు ఎత్తుకు ఎక్కి మా నగరానికి వస్తుంది; పంపు కొన్న ఖర్చు ఒక్కసారితో తీరుతుంది గానీ, దానిని తిప్పే కరెంటు బిల్లు తరాల పాటు వస్తూనే ఉంటుంది. అయితే రేపటి ఖర్చును ఈనాటి విలువకు కుదించే డిస్కౌంటు రేటు ఏడాదికి 10 శాతం వేస్తే, ముప్పై ఏళ్ల తరువాత మన పిల్లలు కట్టే రూపాయి ఈనాటి పట్టికలో ఆరు పైసలకు దిగిపోతుంది. అదే మంత్రం అడవి మీద ప్రయోగిస్తే, హెక్టారుకు ఇంత అని నికర విలువ కట్టి, మరెక్కడో మొక్కలు నాటి, ఏనుగులకు కొత్త చిరునామా తెలియజేయడంతో పని పూర్తవుతుంది.

ఎత్తినహొళె సంగతి తలచుకుంటే తమ మీద జాలి కలుగుతుంది. పశ్చిమ కనుమల నుండి 24 టీఎంసీల నీటిని మా కోలారు, చిక్కబళ్లాపురం దిక్కుకు మళ్లించే ఆ పథకం ‘తాగునీటిది’ అయినందున పర్యావరణ అనుమతి అక్కరలేదన్నారు. నదీ ప్రాజెక్టులలో ఆ 2006 నోటిఫికేషన్ జలవిద్యుత్తు, సేద్యపు ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకుంటుంది మరి. తమరిని గుమ్మం దగ్గరే ఆపివేశారు. అంచనా వ్యయం మాత్రం 2012లో 8,323 కోట్లు, 2014లో 12,912 కోట్లు, 2023 నాటికి 23,251 కోట్లు అయింది. మొదటి అంకెతో గెలిచిన ప్రత్యామ్నాయం మూడవ అంకెతోనూ గెలిచేదా అని అడగవలసిన కుర్చీ తమదే.

కనుక వచ్చే నివేదికలో ఒక్క వరుస ఖాళీగా వదలవలసిందిగా కోరుతున్నాను. మా ఊరి చెరువుకు కట్ట మరమ్మతు, తూము, అలుగు, పూడిక తీత, ఎగువ కాలువ శుభ్రం చేయడం, వీటికి ఎంతవుతుందో నేనే వ్రాసి పంపుతాను. కింద ట్యాంకరువాడు హారన్ కొడుతున్నాడు, ఆలస్యమైతే పక్క అపార్టుమెంటుకు వెళ్లిపోతాడు.

ఇట్లు,
తమ పట్టికలో చోటు దొరకని ఒక చెరువు తాలూకు మనిషి