సైబర్ రంగం: రాబోయే ఏటి భవిష్యవాణి

జంటనగరాల వారికి ఏటా రెండుసార్లు భవిష్యవాణి వినే భాగ్యం ఉంది. మొదటిది ఆషాఢంలో, లష్కర్ బోనాల మర్నాడు, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడిలో జరిగే రంగం. అక్కడ మాతంగి పచ్చి కుండ మీద నిలబడి వానలూ పంటలూ రోగాలూ ఎలా ఉండబోతున్నాయో చెబుతుంది. పనిలో పనిగా, మొక్కి మరచిపోయిన వాటిని గుర్తుచేసి నలుగురిలో మందలిస్తుంది కూడా. రెండవది కార్తీకం వెళ్లీ వెళ్లగానే మాదాపూర్ హోటళ్లలో జరిగే సైబర్ భద్రత సదస్సు. దాన్నీ సైబర్ రంగమనే అంటారు. అక్కడ కుండ ఉండదు, తివాచీ ఉంటుంది. మందలింపు ఉండదు, మధ్యాహ్న భోజనం ఉంటుంది.

ఈ రెండవ రంగాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. నాలుగేళ్లుగా క్రమం తప్పకుండా వెళుతున్న భక్తుణ్ణి. కిందటిసారి హాలు గుమ్మం దగ్గర ఒక గాజు గిన్నె పెట్టారు. విజిటింగ్ కార్డు అందులో వేస్తే లక్కీ డ్రాలో ఇయర్‌ఫోన్లు రావచ్చునని చెప్పారు. ప్రతి బల్ల మీదా వైఫై పాస్‌వర్డు అచ్చు వేసిన అట్టముక్క నిలబెట్టి ఉంది. హోటలు పేరు చివర 123 చేర్చి దానిని తయారుచేశారు. ఇందుకు ఎవరూ నవ్వకూడదు. సోలార్‌విండ్స్ అనే అమెరికా కంపెనీలో ఒక సర్వర్‌కు ‘సోలార్‌విండ్స్123’ అనే పాస్‌వర్డు ఉండేదని 2021లో అక్కడి కాంగ్రెసు విచారణలో సభ్యులు నిలదీశారు, అప్పుడు ఆ నేరం ఒక ఇంటర్న్ మీద పడింది. హోటలు వారికి కూడా ఇంటర్న్ ఉండే ఉంటాడు.

వక్త గంటసేపు క్యూఆర్ కోడ్ మోసాల గురించి హృదయం ద్రవించేలా మాట్లాడి, ముక్కూ మొహం తెలియని కోడ్‌ను స్కాన్ చేయడమంటే ఇంటి తాళంచెవి దారిన పోయేవాడి చేతిలో పెట్టడమేనని హెచ్చరించాడు. ఆ వెంటనే చివరి స్లయిడు మీద గోడంత క్యూఆర్ కోడ్ ప్రత్యక్షమైంది. నివేదిక కావలసినవారు స్కాన్ చేసుకోవచ్చునన్నాడు. హాలులోని ఫోన్లన్నీ హారతి వేళ చేతులు లేచినట్టు ఒక్కసారిగా పైకి లేచాయి. నేనూ ఎత్తాను. అది నా పేరు, మొబైల్ నంబరు, ఆఫీసులో ఎంతమంది ఉంటారన్న వివరం అడిగింది; పుట్టినరోజు మాత్రం ఇష్టమైతేనే చెప్పమంది. మర్నాడు ఉదయం తొమ్మిదింటికి పర్సనల్ లోన్ కావాలా అని మొదటి ఫోను వచ్చింది. నివేదిక సాయంత్రం వచ్చింది. భద్రత కోసం దానికి తాళం వేసి పంపారు. పాస్‌వర్డు అదే మెయిల్‌లో రెండు వరుసల కింద ఉంది.

ఆ నివేదికను శ్రద్ధగా చదివాను. సైబర్ జోస్యానికి ఒక ప్రత్యేక వ్యాకరణం ఉంది. అందులో క్రియ ఒక్కటే, ‘పెరుగుతాయి’. దాడులు పెరుగుతాయి, మోసాలు పెరుగుతాయి, బెడద పెరుగుతుంది. ఏదైనా తగ్గుతుందని చెప్పిన జోస్యాన్ని నేను ఇంతవరకు చూడలేదు. వానల గురించి చెప్పేవారికి ఈ వెసులుబాటు లేదు, కురవకపోతే నలుగురూ నిలదీస్తారు. ఇక్కడైతే నిరుడు జరిగిన వాటినే భూతకాలం నుంచి భవిష్యత్కాలానికి మార్చి రాస్తే సరిపోతుంది. పైగా ఏ ప్రమాదానికైనా నివారణగా సూచించిన పెట్టె ఒకటి హాలు వెనక స్టాలులో అమ్మకానికి సిద్ధంగా ఉంటుంది. గ్రహశాంతి చేయించే పురోహితుడే గ్రహచారం కూడా రాయడం మనకు కొత్తేమీ కాదు.

చిక్కంతా విపత్తులతోనే వచ్చింది, వాటికి మర్యాద తెలియదు. జోస్యాలు అచ్చయి, పంపకం పూర్తయి, వక్తలు క్రిస్మస్ సెలవులకు పెట్టె సర్దుకునే వేళకు అవి బయటపడతాయి. సోలార్‌విండ్స్ ఉదంతం బయటికి వచ్చింది 2020 డిసెంబరులో. అప్పటికే ఆ కంపెనీ తన ఖాతాదారులకు పంపిన సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లలో దూరి దొంగలు వారి కంప్యూటర్లలో నెలల తరబడి కాపురం చేశారు. మరుసటి డిసెంబరులో లాగ్‌4జె వచ్చింది; సర్వర్లలో చిట్టాలు రాసుకునే చిన్న ఉచిత కోడ్‌లో ఏళ్లుగా నిద్రపోతున్న లోపం లేచి కూర్చుంటే, ప్రపంచంలోని ఇంజనీర్లంతా సెలవులు మానుకుని తమ ఇంట్లో అది ఏ మూలన ఉందో వెతుక్కోవలసి వచ్చింది. 2024 జూలై 19న జరిగినదైతే దాడి కూడా కాదు. దాడుల నుంచి కాపాడవలసిన క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా కంపెనీ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్ సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడగొట్టింది. ఆ రోజు శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాస్ చేత్తో రాసి ఇచ్చారు. కంచే చేను మేసిందన్న సామెత మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్నా, దానిని స్లయిడు మీదికి ఎక్కించిన వారిని నేను చూడలేదు.

అదే ఏడాది మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌లో ఎవరో ఓపికగా అమర్చిన దొంగ తలుపు మాత్రం సకాలంలో దొరికింది. దానిని పట్టినది ఏ భవిష్యవాణీ కాదు. తన లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని విసుక్కున్న ఒక ఇంజనీరు. అర సెకనుకు విసుక్కునేవారిని మన ఆఫీసుల్లో చాదస్తులంటారు.

అయినా నివేదికలో పెద్దపీట క్వాంటం కంప్యూటర్‌కే వేశారు. అది వచ్చిన నాడు సమాచారాన్ని గుప్తంగా దాచే నేటి తాళాలన్నీ ఊడిపోతాయని పద్నాలుగు పేజీలు రాశారు. భయం అబద్ధం కాదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులోనే దానికి తట్టుకునే మూడు కొత్త ప్రమాణాలను ఖరారు చేసింది. కాని 2022 జనవరిలో మన నగరంలోని ఒక సహకార బ్యాంకు నుంచి 12 కోట్ల రూపాయలకు పైగా కొట్టేసిన దొంగలకు క్వాంటం కంప్యూటర్ అవసరం పడలేదు. పోలీసులు చెప్పిన ప్రకారం, సిబ్బందికి నమ్మించి వల వేసే ఫిషింగ్ మెయిళ్లు పంపి, తెరిచినవారి ద్వారా లోపలికి వచ్చారు. 2017 మేలో, కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు గుంజే వానాక్రై ప్రపంచాన్ని ఏడిపించినప్పుడు కూడా, దానికి మందు, అంటే లోపాన్ని సరిచేసే అప్‌డేట్, మార్చిలోనే వచ్చి ఉంది. రెండు నెలలు ఎవరూ సీసా మూత తీయలేదు, అంతే.

కనుక రాబోయే ఏటికి నా వంతు భవిష్యవాణిని, ఏ స్టాలూ పెట్టుకోకుండా, వినయంగా సమర్పించుకుంటున్నాను. మాఘం నుంచి జ్యేష్ఠం దాకా, ముహూర్తాలు ఉన్నంతకాలం, పెళ్లి పత్రిక పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు, అంటే నొక్కితే ఫోనులోకి దొంగ యాప్‌ను దింపేవి, వస్తాయి. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు కనుక అవే ఫైళ్లు ట్రాఫిక్ చలాన్ వేషంలో వస్తాయి. పాస్‌వర్డును మూడు నెలలకొకసారి బలవంతంగా మార్పించడం వల్ల లాభం లేదని నిస్ట్ 2017లోనే చెప్పినా, మన ఆఫీసులు మార్పిస్తూనే ఉంటాయి, ఉద్యోగులు చివరి అంకెను ఒకటి పెంచుతూనే ఉంటారు. డబ్బు పోయినవారు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోను చేయడానికి బదులు, ఇంట్లో ఎవరికి చెబితే ఏమంటారోనని ఒక రాత్రంతా ఆలోచిస్తారు. ఆ రాత్రిలోనే డబ్బు నాలుగు ఖాతాలు దాటుతుంది.

డిజిటల్ అరెస్టులూ ఉంటాయి. అలాంటిది చట్టంలోనే లేదని 2024 అక్టోబరులో ప్రధానమంత్రి స్వయంగా రేడియోలో చెప్పినా ఉంటాయి. వనస్థలిపురంలోని మా చిన్నమ్మను కూడా మొన్న ఒక ఖాకీ చొక్కా వీడియో కాల్‌లో అరెస్టు చేసింది. ఆమె పేరు మీద డ్రగ్స్ పార్శిల్ దొరికిందట, విచారణ ముగిసేవరకు కెమెరా ముందు నుంచి కదలకూడదట. చిన్నమ్మ పది నిమిషాలు కదలకుండా కూర్చుంది. తరువాత లేచి వెళ్లి స్టవ్ ఆర్పి, గట్టు తుడిచి, గిన్నె దించి తిరిగి వచ్చేసరికి ఖాకీ చొక్కా అరిచి అరిచి ఫోను పెట్టేసింది. భయం వేయలేదా అని అడిగాను.

“ఎందుకు ఎయ్యది బిడ్డా, కాళ్లు చేతులు వణికినయి. కానీ పొయ్యి మీద పాలు పెట్టిన. పొంగినంక ఆ గట్టు వాడొచ్చి తుడుస్తడా?”

పొంగే పాలను ఒక రక్షణ వ్యవస్థగా ఏ నివేదికా గుర్తించకపోవడం విచారకరం. ఈ విషయంతోపాటు మరొక సూచనను కూడా నిర్వాహకులకు మెయిల్‌లో రాశాను: వచ్చే ఏటి రంగంలో ప్రతి వక్తా పచ్చి కుండ మీద నిలబడాలి, ముందుగా అతడి నిరుటి జోస్యాన్ని సభకు చదివి వినిపించాలి, ఆ తరువాతే కొత్తది మొదలుపెట్టాలి. సూచన చాలా బాగుందని, స్థానిక సంస్కృతికి పెద్దపీట వేసినట్టవుతుందని, కుండ మీద లోగో వేయించడానికి ఒక స్పాన్సరు కూడా దొరికాడని మూడు రోజుల్లో జవాబు వచ్చింది. అయితే బీమా కంపెనీ ఒప్పుకోవడం లేదట. కుండను కాల్చి వాడుకోవచ్చునా అని అడిగారు.