హ్యాండ్‌గార్డ్‌లో గ్రాములు ఎక్కడ కోయాలి?

రైఫిల్ ముందు భాగంలో వంద గ్రాములు తగ్గితే చేతికి వెంటనే తెలుస్తుంది. అదే వంద గ్రాములు బట్ (భుజానికి ఆనించే వెనక భాగం) వైపు తగ్గితే అంతగా తెలియదు. భుజం నుంచి దూరం రెట్టింపైతే బరువు కిందికి లాగే ప్రభావం రెట్టింపవుతుంది. తుపాకీని ఒక లక్ష్యం నుంచి ఇంకో లక్ష్యం వైపు తిప్పేటప్పుడు అడ్డుపడే జడత్వమైతే నాలుగింతలు అవుతుంది. కాబట్టి ఫ్రీ ఫ్లోట్ హ్యాండ్‌గార్డ్ గొట్టాన్ని, అంటే తూటా దూసుకెళ్లే బ్యారెల్‌ను తాకకుండా దాని చుట్టూ ఉండే, చేత్తో పట్టుకునే తొడుగును తేలిక చేయాలన్న తపన సరైనదే. నా అభ్యంతరమల్లా ఆ తేలికను లెక్కగట్టే తీరు మీదే. గొట్టం ఎన్ని గ్రాములో ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేస్తారు. ఒత్తిడి పడితే ఎంత వంగుతుందో చెప్పేవారు అరుదు.

ఈ గొట్టం ఉన్నదే వంగకుండా ఉండటానికి. ఎం16 రైఫిల్ తరహా పాత హ్యాండ్‌గార్డ్ ముందు చివర బ్యారెల్ మీదే ఆనుతుంది. స్లింగ్ (తుపాకీ పట్టీ) బిగించి లాగినా, బైపాడ్ (ముందు ఉండే రెండు కాళ్ల ఊత) మీదికి వాలినా ఆ ఒత్తిడి బ్యారెల్‌కు చేరి తూటా తగిలే చోటు మారిపోతుంది. ఫ్రీ ఫ్లోట్ గొట్టం వెనక, బ్యారెల్‌ను రిసీవర్‌కు (తుపాకీ యంత్రాంగం ఉండే మధ్య భాగం) కలిపే బ్యారెల్ నట్ దగ్గర మాత్రమే బిగుస్తుంది, బ్యారెల్‌ను ఇంకెక్కడా తాకదు. ఒత్తిడిని తానే మోసి రిసీవర్‌కు అప్పగిస్తుంది. మరీ పలచబడి వంగి లోపల బ్యారెల్ మీద ఉండే గ్యాస్ బ్లాక్‌ను (పేలుడు వాయువును వెనక్కి మళ్లించే దిమ్మ) తాకిందంటే ఇక దాన్ని పెట్టుకున్న ప్రయోజనమే పోయింది.

ఒక లెక్క చూద్దాం. 38 సెంటీమీటర్ల పొడవు, 45 మిల్లీమీటర్ల బయటి వ్యాసం, 2.5 మిల్లీమీటర్ల మందం ఉన్న రంధ్రాల్లేని అల్యూమినియం గొట్టం సుమారు 340 గ్రాములు తూగుతుంది. దాని ముందు చివర పది కిలోల బరువు పడితే ఆ చివర దిగేది మిల్లీమీటరులో మూడో వంతే. ఇంతేనా అనిపిస్తుంది. కానీ అదే చివర గురి చూపే లేజర్ బిగించి ఉంటే, ఆ చిన్న వంపుకే వంద మీటర్ల దూరంలో దాని చుక్క దాదాపు 14 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. రిసీవర్ మీదున్న స్కోప్‌కు ఈ బాధ లేదు. ఇక రంధ్రాలు, చీలికలు ఉన్న అసలు గొట్టాల్లో వంపు ఇంతకన్నా ఎక్కువే.

ఇప్పుడు బయటి వ్యాసాన్ని 48కి పెంచి, మందాన్ని 2 మిల్లీమీటర్లకు తగ్గించండి. బరువు సుమారు 45 గ్రాములు తగ్గుతుంది, దృఢత్వం మాత్రం అంతే ఉంటుంది. లోహం మధ్య అక్షం నుంచి ఎంత దూరం జరిగితే వంపును అంత గట్టిగా ఆపుతుంది. పిడికిట్లో పట్టు కాస్త లావవుతుంది, గోడ పలచబడి దెబ్బకు సొట్ట పడే వీలూ పెరుగుతుంది. ఆ రెండింటినీ చూసుకునే వ్యాసం తేల్చుకోవాలి.

లోహం మార్చితే చాలనుకోవడం పెద్ద భ్రమ. 7075 రకం అల్యూమినియం మిశ్రమం 6061 రకం కన్నా చాలా బలమైనది, నిజమే. కానీ వంగే విషయంలో రెండూ దాదాపు ఒకటే. బలం అంటే విరగకుండా, శాశ్వతంగా వంగిపోకుండా తట్టుకోవడం, దృఢత్వం వేరు. ఉక్కు, టైటానియం, అల్యూమినియం, మెగ్నీషియం నాలుగింటికీ బరువుతో పోల్చిన దృఢత్వం ఇంచుమించు సమానం. కార్బన్ ఫైబర్ ఒక్కటే ఈ లెక్కను నిజంగా దాటగలదు. అదీ పోగులు ఏ దిశలో చుట్టారన్న దాన్ని బట్టే. పోగులు పొడవునా ఉంటే వంపును, ఏటవాలుగా ఉంటే మెలిని ఆపుతాయి. అలాంటి గొట్టానికి ఇంట్లో డ్రిల్లు పెడితే ఆ పోగులే తెగుతాయి.

ఎక్కువ గ్రాములు పోయింది నిజానికి పళ్ల రైళ్లు, అంటే లైట్లు, లేజర్ల వంటివి బిగించుకునే పళ్ల పట్టీలు తీసేయడం వల్ల. 1995లో ప్రమాణంగా మారిన పికటిన్ని రైలును ఒకప్పుడు నాలుగు వైపులా, ఈ కొస నుంచి ఆ కొస దాకా చెక్కేవారు. 2012లో కీమాడ్, 2014లో ఎం-లాక్ అనే బిగింపు పద్ధతులు వచ్చాక కావలసిన చోట మాత్రమే రైలు ముక్క బిగించుకునే వీలు కలిగింది. గొట్టం నునుపైంది. ఈ మార్పును నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. వాడేవారికి అవసరం లేని లోహాన్నే తీసేశారు.

రంధ్రాల సంగతి అలా కాదు. బరువు ముందు చివర పడినప్పుడు వంచే ఒత్తిడి అత్యధికంగా ఉండేది వెనక, బిగింపు దగ్గర. అక్కడ తొలిచిన రంధ్రం దృఢత్వాన్ని బాగా దెబ్బతీస్తుంది, పైగా జడత్వంలో ఒరిగేదీ తక్కువే. ముందు కొసలో తొలిస్తే రెండు విధాలా లాభం. అయినా చాలా గొట్టాల మీద రంధ్రాలు కొలిచి పెట్టినట్టు ఒకే వరుసలో, ఒకే సైజులో కనిపిస్తాయి. అది చూపుల కోసం చేసిన పని. వెనక మందంగా మొదలై ముందుకు పోయేకొద్దీ పలచబడే గొట్టం తయారీకి ఖర్చెక్కువ, కానీ సరైన దారి అదే.

అన్నిటికన్నా సులువైన ఉపాయం పొడవు తగ్గించడం. 38 సెంటీమీటర్లను 33 చేస్తే బరువు 13 శాతం తగ్గుతుంది, చివర వంపైతే మూడో వంతు పైగా తగ్గుతుంది. చెయ్యి అంత ముందుకు చాపి పట్టనివారికి ఆ ఐదు సెంటీమీటర్లు దండగే. నిలబడి నింపాదిగా గురిచూసే పోటీ షూటర్లకు మాత్రం ఈ చర్చతో పనిలేదు. వాళ్లకు ముందు బరువే నిలకడ, కొందరు హ్యాండ్‌గార్డ్ లోపల సీసం కూడా జోడిస్తారు.

మిగతావారి కోసం తయారీదారులు చేయాల్సింది కష్టమైన పనేమీ కాదు. గొట్టాన్ని బిగించి, ముందు చివర పది కిలోలు వేలాడదీసి, ఎంత దిగిందో కొలిచి, ఆ అంకెను గ్రాముల పక్కనే వేయాలి.