స్తంభం ఎవరిది సార్?

నేను మంచి డ్రైవర్‌ని. ఈ మాట నా నోటితో నేనే చెప్పుకోవాల్సి రావడం బాధగానే ఉంది, కానీ నా పక్క సీట్లో కూర్చున్నవాళ్లెవరూ ఇంతవరకు సాక్ష్యానికి ముందుకు రాలేదు. అలాంటి నా మీద చట్టానికి పిసరంత నమ్మకం లేదు. ఇంకా స్టీరింగ్ ముట్టుకోకముందే, ‘ఈయన ఎవరినో ఒకరిని గుద్దుతాడు, ఆ డబ్బేదో ముందే కట్టించుకోండి’ అని తీర్మానించేసింది. ఈ అవమానానికే తప్పనిసరి ఇన్సూరెన్స్ అని పేరు.

ఇన్నేళ్లుగా ప్రీమియం కట్టి, ఆ కాగితాన్ని కారు అరలో భద్రంగా దాచాను. చదవలేదు. అది పోలీసు ఆపితే చూపించడానికి గానీ చదవడానికి కాదు కదా.

చదవాల్సిన రోజు రానే వచ్చింది. రివర్స్‌లో వస్తూ మా గేటు స్తంభాన్ని గుద్దాను. తప్పు స్తంభానిదే. కారు వస్తోందని తెలిసి కూడా పక్కకి తప్పుకోలేదు. వెనక లైటు పగిలింది, డిక్కీ సొట్టపోయింది, స్తంభానికి అరచేతంత పెచ్చు ఊడింది. కంపెనీకి ఫోన్ చేశాను.

“దేన్ని గుద్దారు సార్?”

“స్తంభాన్ని.”

“ఎవరి స్తంభం సార్?”

“మాదే.”

అవతల కాసేపు మాట లేదు. “మీది థర్డ్ పార్టీ సార్. అదే పక్కింటివాళ్ల స్తంభమైతే, స్తంభానికి వచ్చేది.”

“మరి కారుకి?”

“కారుకి అప్పుడు కూడా రాదు సార్.”

ఆ రాత్రి కూర్చుని చదివాను. ఒప్పందంలో మొదటి పార్టీ నేను, రెండోది కంపెనీ. భూమ్మీద మిగిలిన జనమంతా మూడో పార్టీ. నా కారు తగిలి ఎవరికి దెబ్బ తగిలినా, ప్రాణం పోయినా నేను ఇచ్చుకోవాల్సిన పరిహారం కంపెనీ ఇస్తుంది. ఎవరి గోడైనా కూలిస్తే దానికీ చాలా దేశాల్లో ఒక పరిమితి వరకు ఇస్తుంది, ఆ పైది నా జేబులోంచే. నా కారుని దొంగలెత్తుకుపోయినా, వరద ఎత్తుకుపోయినా అది నా ఖర్మ. అది కూడా కావాలంటే కాంప్రహెన్సివ్ కొనుక్కోవాలట. దాన్ని కొనమని మాత్రం ఏ చట్టమూ నా వెంట పడదు. అంటే డబ్బు కట్టేది నేను, నేను తప్ప అందరూ క్షేమం.

ఈ పద్ధతి ఎవరు పెట్టారా అని ఆరా తీస్తే, అమెరికాలో మసాచుసెట్స్ 1927 నుంచి, బ్రిటన్ 1930 చట్టంతో మొదలుపెట్టాయని తెలిసింది. అప్పట్లో కోర్టు పరిహారం ఇమ్మంటే, గుద్దినవాడు ఖాళీ జేబులు తిరగేసి చూపించేవాడు. కాలు పోయినవాడికి దక్కేది తీర్పు కాపీ. అందుకని రోడ్డెక్కకముందే డబ్బుకి పూచీ అడగడం మొదలైంది. దీనికి ఎదురు చెబుదామని చాలాసేపు ఆలోచించాను. మాట దొరకలేదు. ఇంకా వెతుకుతున్నాను.

నన్ను నమ్మే చోటు ఒక్కటైనా ఉండకపోతుందా అని చూస్తే అమెరికాలోనే న్యూ హాంప్‌షైర్ అనే రాష్ట్రం కనిపించింది. అక్కడ చాలామంది డ్రైవర్లకి ఇన్సూరెన్స్ కొని తీరాలన్న రూలు లేదు. ఆనందంతో సామాను సర్దబోయాను. తీరా చూస్తే, గుద్దాక ఆ నష్టం కట్టుకోలేకపోతే లైసెన్సుకి ఎసరు. న్యూజిలాండ్‌లోనూ ఇన్సూరెన్స్ తప్పనిసరి కాదు. 1974 నుంచి ప్రమాదంలో గాయపడ్డవాళ్ల బాధ్యత ప్రభుత్వ పథకమే చూసుకుంటోంది. ఎంత మంచివాళ్లో అనుకున్నాను. ఆ డబ్బు బండి లైసెన్సు ఫీజులోనూ, పెట్రోలు ధరలోనూ కలిపి లాగుతారట. వాళ్లూ నమ్మలేదన్నమాట, కాకపోతే కాస్త మర్యాదగా.

చివరికి మార్గం నేనే కనిపెట్టాను. పొద్దున్నే పక్కింటాయన దగ్గరికి వెళ్లి, “మా గేటు స్తంభాన్ని మీ పేరున రాసేస్తానండీ, ఊరికే తీసుకోండి” అన్నాను. అప్పుడది థర్డ్ పార్టీ స్తంభం అవుతుంది, కనీసం పెచ్చు డబ్బులైనా వస్తాయి.

ఆయన స్తంభం వంకా, నా వంకా చూశాడు. “మళ్లీ గుద్దుతారా?”

“నేనా? నేను మంచి డ్రైవర్‌నండీ.”

ఆయనేమీ అనలేదు. వీధిలో ఉన్న తన కారు తీసి లోపల పెట్టుకుని, గేటు వేసుకున్నాడు.