సైకస్ బంగారం కాదు, పామ్ చెట్టూ కాదు: ఆ వాట్సాప్ సందేశానికి జవాబు

బెజవాడ, గుంటూరు బిల్డర్ల గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. షాపింగ్ కాంప్లెక్స్ కానీ, హాస్పిటల్ కానీ, ఆఫీసు కానీ, ముందు వరుసలో అరుదైన పామ్‌లూ సైకస్‌లూ నాటించమంటుంది. కారణాలు కూడా వరసగా చెబుతుంది. సైకస్ వెయ్యేళ్లు బతికే పామ్ అట, బంగారంలా ఏటా ధర పెరుగుతుందట. నీళ్లూ వద్దు, మనిషీ వద్దు. ఆకు రాలదు, పురుగు పట్టదు, పిల్లలకు హాని లేదు. జాతి ఎంత అరుదైతే బిల్డింగుకి అంత హోదా, కావాలంటే కొండల నుంచి ముదురు మొక్కలే దింపిస్తారట. చెప్పేవాడికి వినేవాడు లోకువ. కమర్షియల్ స్థలాల్లో తోటలు వేయించి, తర్వాత వాటి బాగోగులు చూడటం నా పని. అందుకే ఒక్కొక్కటీ విప్పి చూద్దాం.

"సైకస్ వెయ్యేళ్లు బతికే పామ్"

సైకస్ అసలు పామ్ కాదు. పామ్‌లు పూలు పూసి కాయలు కాసే జాతి, వరికీ గడ్డికీ దూరపు చుట్టాలు. సైకస్‌కి పువ్వూ ఉండదు, కాయా ఉండదు. పైన్, దేవదారుల్లా కోన్లు (పొలుసులు పేర్చినట్టుండే కంకులు) పెడుతుంది, మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. పేరులో ఏముందిలే అనుకోవచ్చు, కానీ నష్టం ఇక్కడే మొదలవుతుంది. పామ్ కదా అని రాయల్ పామ్‌కి వేసిన డ్రిప్ లైనే సైకస్‌కీ తగిలిస్తారు. రాయల్ పామ్ ఆ నీళ్లన్నీ తాగేస్తుంది, సైకస్ దుంప కుళ్లిపోతుంది.

ఆయుష్షు మాట మాత్రం నిజమే. దక్షిణాఫ్రికా నుంచి 1775లో లండన్ క్యూ గార్డెన్స్‌కి తెచ్చిన సైకాడ్ (సైకస్, దాని చుట్టాలన్నిటినీ కలిపి అనే పేరు) ఒకటి ఇప్పటికీ అక్కడ కుండీలోనే బతికి ఉంది. కానీ దానికి అద్దాల ఇల్లుంది, చూసుకునే నిపుణులున్నారు. మన నల్లరేగడిలో మూడడుగుల గొయ్యి తీసి దించేసిన సైకస్‌కి అవేవీ ఉండవు. ఆ నేలలో నీరు ఇంకదు, ఒక్క ముసురు పడితే గొయ్యి నిండి అలాగే నిలబడుతుంది. ఇక 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచిన సంగతి ఎవరూ మర్చిపోలేదు. కుళ్లు పట్టిన సైకస్ పైకి పచ్చగానే కనిపిస్తుంది. కాండాన్ని అడుగున, మట్టి దగ్గర బొటనవేలితో నొక్కి చూడండి, వేలు లోపలికి దిగిందంటే పని అయిపోయినట్టే. దీన్ని గొయ్యిలో కాకుండా, కృష్ణ ఇసుకా చిన్న కంకరా కలిపి అడుగున్నర ఎత్తు దిబ్బ పోసి దాని మీద నాటాలి. కొటేషన్లలో ఆ దిబ్బ ఖర్చు ఉండదు.

"బంగారంలా ధర పెరుగుతుంది"

ఈ కథ పుట్టింది దక్షిణాఫ్రికాలో. అక్కడి ఎన్సెఫలార్టోస్ అనే సైకాడ్ జాతుల్లో కొన్నిటికి నిజంగానే కళ్లు తిరిగే ధర పలుకుతుంది, దొంగతనాలు కూడా జరుగుతుంటాయి. వుడ్స్ సైకాడ్ అనే దాన్ని 1895లో న్గోయే అడవిలో కనుగొన్నారు. అక్కడ దొరికింది ఒకే ఒక్క మగ గుబురు, ఆడ మొక్క ఇప్పటిదాకా దొరకలేదు. ప్రపంచంలో ఎక్కడున్నా అవన్నీ ఆ గుబురు పిలకలే. ధర దానిది, మనకు అమ్మేది మాత్రం కడియం నర్సరీల్లో వరసలు వరసలుగా పెరిగే జపాన్ సైకస్. పిలకల నుంచి, గింజల నుంచి వేలల్లో పెంచుతారు. కాండం ఏడాదికి అంగుళం అటూ ఇటూ పెరుగుతుంది కాబట్టి పెద్దదానికి ఎక్కువ రేటు చెబుతారు, అందులో తప్పేం లేదు. కానీ పదేళ్ల తర్వాత మీరు అమ్ముదామంటే? క్రేన్ మీది, ట్రాలీ మీది, తవ్వేటప్పుడు తెగిన వేళ్ల నష్టమూ మీదే. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి.

"నీళ్లు వద్దు, మనిషి వద్దు, పురుగు పట్టదు"

ఇదైతే పచ్చి అబద్ధం. సైకస్‌కి ఏడాదికి ఒకటి రెండు సార్లు కొత్త ఆకులన్నీ ఒకేసారి వస్తాయి. అవి లేతగా చుట్టలు విప్పుకునే వారం పది రోజుల్లో ప్లెయిన్స్ క్యూపిడ్ అనే చిన్న నీలి సీతాకోకచిలుక వచ్చి గుడ్లు పెట్టిపోతుంది. మన దేశపు సీతాకోకచిలుకే, బయటి నుంచి వచ్చింది కాదు. పిల్ల పురుగులు లేత ఆకుని గీకి గీకి ఈనెలు మిగులుస్తాయి. వాటి ఒంటి నుంచి వచ్చే తీపి ద్రవం కోసం చీమలు చుట్టూ తిరుగుతుంటాయి. అందుకే లేత ఆకు మీద చీమలు బారులు కడితే చీమల మందు కొట్టకండి, ఆకుని తిరగేసి చూడండి. ఆ విడత ఆకులు పోతే మళ్లీ చిగురు వచ్చేదాకా బిల్డింగ్ ముందు చీపురు కట్టలే మిగులుతాయి. విరుగుడు చాలా చవక: చిగురు కనిపించిన రోజే దోమతెర కప్పి, ఆకు గట్టిపడ్డాక తీసేయాలి. కానీ ఆ రోజు చూసే మనిషి ఒకడు ఉండాలిగా!

పామ్‌ల విషయానికొస్తే, 2016లో మన దేశంలో కనిపించిన సర్పిలాకార తెల్లదోమ కొబ్బరితో ఆగలేదు, అలంకరణ పామ్‌లనూ పట్టింది. దాని జిగురు కింద ఆగిన కార్ల మీద పడుతుంది, దాని మీద నల్లటి మసి పేరుకుంటుంది. పార్కింగ్ పక్కన పామ్ వరస వేసినవాళ్లకి ఈ గొడవ బాగా తెలుసు. ఆకుల అడుగున నీళ్లు జోరుగా కొట్టించడం తప్ప తేలిక దారి లేదు.

ఆకు రాలదన్న మాట రాసినవారు రాయల్ పామ్ కింద బండి పెట్టి ఉండరు. దాని మట్ట పండితే డొప్పతో సహా ఊడి పడుతుంది, పొడవు పది అడుగులు, బరువు పది కిలోలు దాటుతుంది. ఏటీఎం గది ముందో, బైకుల స్టాండ్ పైనో దాన్ని నాటడం ఎవరి ఆలోచనో తెలియదు.

నీళ్ల సంగతి. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఊరు మనది, దానికి తోడు అద్దాల గోడ నుంచి తిరిగి కొట్టే ఎండ. నాటిన మొదటి రెండు వేసవులు ఏ పామ్‌కైనా నీళ్లు పెట్టి తీరాలి. అవి కూడా ఆర్వో ప్లాంటు వదిలేసే ఉప్పునీళ్లు కాకూడదు. గొయ్యిలో సిమెంటు పెళ్లలు పూడ్చి పైన మట్టి పరిచే అలవాటు ఇంకోటి ఉంది. ఆ సున్నానికి మాంగనీసు అందక కొత్త ఆకు ముడుచుకుని, కాలినట్టు వస్తుంది. మాలి దాన్ని తెగులనుకుని మందు కొడతాడు. కావాల్సింది మాంగనీసు సల్ఫేటు.

ఇంకొకటి, పండుగకు ముందు 'నీట్‌గా' ఉండాలని నాలుగు మట్టలే ఉంచి మిగతావన్నీ నరికించడం. పాత ఆకుల్లోని పొటాషియం లాక్కునే పామ్ కొత్త ఆకు పెడుతుంది. పసుపు తిరిగిన మట్టని నరికితే, ఆ పసుపు పై మట్టకి ఎక్కుతుంది. పామ్‌కి ఉండేది ఒకే మొవ్వు, కాండం మీద పడ్డ గాటు జన్మలో మానదు. ఈ రెండూ తెలియని చేతికి కత్తి ఇవ్వకండి.

"పిల్లలకు హాని లేదు"

ఉంది. సైకస్‌లో ప్రతి భాగమూ విషమే, ఆడ మొక్క ఎర్రటి గింజల్లో మరీ ఎక్కువ. సైకాసిన్ అనే ఆ విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, గింజలు కొరికిన కుక్కలు చనిపోవచ్చు కూడా. ఆకు మొదట్లో ముళ్లు, చివర సూది మొన. స్కూలు, పిల్లల హాస్పిటల్, ప్లే ఏరియాల్లో సైకస్ వేయకండి. తప్పదంటే కోన్ రాగానే కోయించే ఏర్పాటు రాతపూర్వకంగా పెట్టుకోండి.

"కొండల నుంచి ముదురు మొక్కలు"

ఇది జైలుకి దారి. మన తూర్పు కనుమల్లో, తిరుమల, శేషాచలం కొండల చుట్టూ తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగని సైకస్ ఒకటుంది, సైకస్ బెడ్డోమీ. అక్కడివాళ్లు పేరిత అంటారు. కొండ మంటలకీ, మందు కోసం మగ కోన్లు కోసుకుపోయేవారికీ బలై అది ఇప్పటికే అంతరించే ముప్పున్న జాతుల్లో చేరింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని అడవి నుంచి పెకలించడం, లైసెన్సు లేకుండా అమ్మడం నేరం. పెంచడానికీ వ్యాపారానికీ లైసెన్సు కావాలి. అంతరించే జాతుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ సైటిస్ ఒప్పందంలో సైకస్ జాతులన్నిటిలో ఇదొక్కటే అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో ఉంది. విదేశీ మొక్క అన్నా తప్పించుకోలేరు: సైటిస్ అనుమతి, 2003 ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు కింద దిగుమతి పర్మిట్, ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. బిల్లు మీద 'అలంకరణ మొక్కలు' అని మాత్రమే రాసి ఇస్తే డబ్బు చెల్లించకండి.

"ఎంత అరుదైతే అంత హోదా"

నర్సరీలో దొరికే 'అరుదైన' పామ్‌లు చాలావరకు అక్కడ అరుదైనవి కావు. బాటిల్ పామ్ సొంత ఊరు మారిషస్ పక్కనున్న రౌండ్ ఐలాండ్. అక్కడ నామరూపాల్లేకుండా పోయే స్థితికి వచ్చింది, కడియంలో మాత్రం లారీలకి ఎక్కుతోంది. ఆస్ట్రేలియా కేప్ మెల్విల్ కొండల్లోని ఫాక్స్‌టెయిల్ పామ్‌కి శాస్త్రవేత్తలు పేరు పెట్టిందే 1983లో. ఇప్పుడు హైవే పక్క ప్రతి ఫంక్షన్ హాలు ముందూ అదే. ఈ రెండూ మన ఎండకి ఆగుతాయి, వేసుకోండి. ఎర్ర కాడల లిప్‌స్టిక్ పామ్ మాత్రం మలేసియా చిత్తడి అడవుల మొక్క, మన మే నెల వడగాలికి నిలవదు. నీడ కావాల్సిన పార్కింగ్‌లో అయితే పామ్‌లే దండగ, కానుగో వేపో వేయండి.

పామే కావాలనుకుంటే మన ఈత చెట్టుంది. అమెరికాలో ఫ్లోరిడా హోటళ్ల ముందు సిల్వెస్టర్ పామ్ అని డబ్బు పోసి నాటుకునేది దాన్నే. ఉప్పునీళ్లు, ఎండ, రేగడి, అన్నిటికీ తట్టుకుంటుంది. ఇక్కడ ఓనర్‌కి చెబితే "అది మా చేను గట్టు మీద ఉండేదేగా అండీ" అంటారు. ముళ్లు పొడవుగా ఉంటాయి కాబట్టి నడిచే దారికి ఐదారడుగులు లోపలికి నాటించండి, కింది మట్టల ముళ్లు ఏడాదికోసారి తీయించండి.