టెల్మిసార్టాన్ కిడ్నీని తినేస్తుందా? రెనిన్ ఎందుకు పెరుగుతుందంటే

టెల్మిసార్టాన్ అంటే బీపీ మాత్ర. దాని గురించి వాట్సాప్‌లో చేతులు మారుతున్న మెసేజ్ సారాంశం: "టెల్మిసార్టాన్ వేసుకుంటే రెనిన్ పెరుగుతుంది. కణాల్లో కాల్షియం నిండి, అవి పగిలి రెనిన్ బయటికి కారుతుంది. క్రియాటినిన్ పెరగడమే రుజువు. మాత్ర మానేయండి."

రెనిన్ అంటే బీపీ పెంచే గొలుసుని మొదలుపెట్టే కిడ్నీ ఎంజైమ్. అది పెరుగుతుంది, నిజమే. కారడం మాత్రం కట్టుకథ. కిడ్నీ వడపోత గుత్తికి రక్తం తెచ్చే సన్నని ధమని గోడలో జేజీ (జక్స్టాగ్లోమెరులర్) కణాలుంటాయి. రెనిన్‌ని సంచుల్లో దాచుకుని, అవసరాన్ని బట్టి వదిలేది ఇవే. లివర్ నుంచి వచ్చే ఆంజియోటెన్సినోజన్‌ని రెనిన్ కోస్తే 10 అమైనో ఆమ్లాల ముక్క వస్తుంది. ఏసీఈ అనే ఎంజైమ్ అందులో 2 తీసేస్తే మిగిలేది 8 పూసల దండ, ఆంజియోటెన్సిన్-2. రక్తనాళాలని బిగించి బీపీ పెంచేది ఇదే. ఇదే వెనక్కి వచ్చి జేజీ కణం మీది ఏటీ1 గ్రాహకాన్ని (కబురు అందుకునే చోటుని) తాకి రెనిన్‌ని ఆపిస్తుంది. టెల్మిసార్టాన్ వెళ్లి కూర్చునేది సరిగ్గా ఆ గ్రాహకంలోనే. ఆపమనే కబురు అందదు, రెనిన్ పెరుగుతుంది. మరి బీపీ పెరగదా? రక్తనాళాల్లోనూ అదే గ్రాహకం మూతపడి ఉంటుంది కదా!

కాల్షియం మాట అయితే పూర్తిగా తలకిందులు. ఇన్సులిన్ వదిలే కణంలో కాల్షియం పెరిగితే స్రావం పెరుగుతుంది. జేజీ కణం తీరే వేరు: ఆంజియోటెన్సిన్-2 తాకగానే కాల్షియం పెరుగుతుంది, దాంతో రెనిన్‌ని వదలమనే లోపలి సంకేతం సైక్లిక్ ఏఎంపీ పడిపోతుంది, రెనిన్ ఆగుతుంది. శాస్త్రవేత్తలు దీన్ని 'కాల్షియం వైపరీత్యం' అంటారు. గుండె కర్ణికల నుంచి వచ్చే 28 అమైనో ఆమ్లాల ఏఎన్‌పీ హార్మోన్ కూడా బ్రేకే, కాకపోతే సైక్లిక్ జీఎంపీ అనే మరో సంకేతం దారిలో. యాక్సిలరేటర్ సింపథెటిక్ నరాల చేతిలో ఉంది. ఆ నరాల కబురుని అడ్డుకునే బీటా బ్లాకర్ మందులు రెనిన్‌ని తగ్గించేది అందుకే.

ఇక క్రియాటినిన్, అంటే కిడ్నీ వడకట్టి బయటికి పంపే వ్యర్థం. వడపోత గుత్తి నుంచి బయటికి వెళ్లే నాళాన్ని ఆంజియోటెన్సిన్-2 బిగించి ఉంచుతుంది. మాత్ర ఆ బిగింపు సడలిస్తే లోపలి ఒత్తిడి తగ్గి, క్రియాటినిన్ 1.0 నుంచి 1.2కి పోవచ్చు. 30 శాతం లోపు పెరుగుదలకి మాత్ర ఆపరు. అంతకు మించితే ఒంట్లో నీరు తగ్గిందా, నొప్పి మాత్రలు వాడుతున్నారా, రెండు కిడ్నీల ధమనులూ సన్నబడ్డాయా అని వెతకాలి. మొదలుపెట్టాక 2 నుంచి 4 వారాల్లో క్రియాటినిన్, పొటాషియం పరీక్ష తప్పనిసరి. గర్భిణులు ఈ మందు వాడకూడదు. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజుల్లో డాక్టర్‌ని అడిగాకే వేసుకోవాలి. ఇదే జాతి మందు లోసార్టాన్‌ని 1,513 మంది టైప్-2 షుగర్ రోగుల్లో పరీక్షించారు (2001). డయాలసిస్ లేదా కిడ్నీ మార్పిడి దశకి చేరే ముప్పు 28 శాతం తగ్గింది.

ఈ రెనిన్ పెరుగుదల నిజంగా చిక్కు తెచ్చే చోటు ఒకటుంది. ఆల్డోస్టెరాన్ (ఒంట్లో ఉప్పు నిలిపే హార్మోన్) ఎక్కువయ్యే అడ్రినల్ గ్రంథి జబ్బు అనుమానంతో ఆల్డోస్టెరాన్-రెనిన్ నిష్పత్తి పరీక్ష రాశారనుకోండి, రెనిన్ పెరిగి ఉంటే నిష్పత్తి తగ్గి అసలు జబ్బు దాక్కుంటుంది. రక్తం ఇచ్చే ముందే ఈ మాత్ర సంగతి డాక్టర్‌కి చెప్పండి.