మహారాజశ్రీ ఓపినెల్ ఎనిమిదో నంబరు చాకు వారికి

మహారాజశ్రీ చాకు గారి దివ్యసముఖానికి,

కాకినాడ నుంచి తమ సేవకుడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. బీరువా సొరుగులో మెత్తటి గుడ్డ పరుచుకుని, సిలికా జెల్ పొట్లాన్ని పక్కన పెట్టుకుని పవళించిన తమరి క్షేమం రోజుకోసారి తీసి చూస్తూనే ఉన్నాను కాబట్టి వేరే అడగనక్కర్లేదు.

ముందుగా తమరి రాక గురించి. తమరు వేంచేసిన అట్టపెట్టె టేపు కోసింది మా వంటింటి ప్లాస్టిక్ పిడి చాకు. దానికి పేరు లేదు, బిల్లు లేదు, ఎప్పుడు కొన్నామో కూడా ఎవరికీ గుర్తు లేదు. టేపు కోసి, ఆ వెంటనే ఉల్లిపాయలు తరగడానికి వెళ్లిపోయింది. అలా వెళ్లిపోయే పని తమరు ఇంతవరకూ ఒక్కటీ చెయ్యలేదు.

తమరి పుట్టుపూర్వోత్తరాలు చదివాను. ఫ్రాన్సులో ఆల్ప్స్ కొండల దగ్గర సవోయ్ అనే సీమ. గొడ్డళ్లూ కొడవళ్లూ కొట్టే ఇంట్లో పుట్టిన జోసెఫ్ ఓపినెల్ అనే కుర్రాడు 1890లో, 18 ఏళ్లకే, తమరి వంశానికి శ్రీకారం చుట్టాడు. 1897కల్లా ఒకటి నుంచి పన్నెండు దాకా సైజులొచ్చాయి. వాటిలో ఒకటో నంబరుకీ పదకొండో నంబరుకీ 1935లో ఉద్వాసన చెప్పారు. తమరు ఎనిమిది, 8.5 సెంటీమీటర్ల బ్లేడు, బీచ్ కలప పిడి. అక్కడి రైతులు తమరితో రొట్టె కోసి, చీజ్ కోసి, కొమ్మ చెక్కి, ప్యాంటుకి తుడిచి జేబులో పడేసుకునేవారు. మా కుర్రాళ్లు ఇక్కడ మంచినీళ్లు కూడా ముంచుకోకుండా పెరిగి, అక్కడికెళ్లి అంట్లు తోముకుంటారు. తమరిది రివర్సు ప్రయాణం. అక్కడ పొలం గట్టు మీద చాకిరీ చేసి, ఇక్కడికొచ్చి జమీందారు హోదా వెలగబెడుతున్నారు. దివాణం ఖర్చులు నావి.

బ్లేడు మీద రాజముద్ర కూడానూ. కిరీటం పెట్టిన చెయ్యి, 1909 నాటిది. కిరీటం సవోయ్ ప్రభువులది, దీవిస్తున్న ఆ చెయ్యి బాప్తిస్మమిచ్చు యోహానుది. మొదటి వారంలోనే తమరు నా బొటనవేలిని పలకరించినప్పుడు మా ఆవిడ దూది పెడుతూ ఆ ముద్ర వైపు చూసి, “అభయహస్తం బాగానే పనిచేసింది” అంది.

తమరి పదును గురించి ఒక మాట. దాన్ని పరీక్షించడానికి నా ఎడమ ముంజేతి మీద వెంట్రుకలు సమర్పించుకున్నాను. ఆ మేర ఇప్పుడు నున్నగా ఉంది, ఆఫీసులో ఏదైనా చర్మరోగమా అని అడుగుతున్నారు. ఆదివారం పేపరును సన్నటి పోగులుగా కోశాను. అందులో రాశిఫలాలు ఇంకా మా అత్తగారు చదవలేదని తర్వాత తెలిసింది. కోయడానికి ఇంట్లో ఇంకేం మిగిలింది? దారప్పోగులు, మందుబిళ్లల అట్టలు. పాపం, పార్సిళ్లు రావాలని నేనే ఏవేవో ఆర్డర్లు పెడుతున్నాను. వచ్చాక టేపు జిగురు తమరికి అంటుతుందని మళ్లీ ఆ పేరు లేని చాకునే పిలుస్తున్నాను.

నిజం ఒప్పుకోవాలి, తమరి తయారీకి వంక పెట్టలేను. ఉన్నవి ఐదే ముక్కలు: బ్లేడు, పిడి, మెడపట్టీ, దాని మీద తిరిగే ఉంగరం, అన్నిటినీ పట్టి ఉంచే మేకు. ఉంగరం 1955లో వచ్చింది. అంతకుముందు బ్లేడు వేళ్ల మీదికి మడుచుకోకుండా ఆపేదే లేదు. గోరుతో గాడి పట్టి బ్లేడు లాగడం, బొటనవేలితో ఉంగరం తిప్పడం, అది సన్నగా కిర్రుమని బిగియడం. టీవీ చూస్తూ గంటసేపు ఇదే పని చేయగలను. చేశాను కూడా. సీరియల్ మాటలు వినబడటం లేదని నన్నూ తమరినీ కలిపి వరండాలోకి పంపేశారు.

ఇక తమరి ఆరోగ్యం. స్టెయిన్‌లెస్ వారిని కాదని, సాన పట్టడం సులువని కార్బన్ స్టీలు వారినే తెచ్చుకున్నాను. ఓ రోజు ధైర్యం చేసి పచ్చి మామిడికాయ కోస్తే, పులుపు తగిలిన చోటల్లా తమరి ఒళ్లు కమిలినట్టు నీలంగా, ఆపైన బూడిదరంగుగా మారింది. గుండె గుభేలుమంది. చదివితే తెలిసింది, ఎర్ర తుప్పు ఇనుమును తింటుందట గానీ ఈ బూడిదరంగు పొర కాపు కాస్తుందట. సంతోషం. కానీ ఆ ముక్క ఉప్పూకారం అద్దుకుని తిన్న మా అమ్మాయి “నాన్నా, మేకు చీకినట్టుంది” అంది. అప్పట్నుంచి మామిడికాయల విషయంలో ఇంట్లో తమరి సేవలు ఎవరూ కోరడం లేదు.

ఇప్పుడు వానలు. మా ఊరి గాలిలో సముద్రం సగం ఉంటుంది. తమరి పిడి తేమ తాగి ఉబ్బింది, బ్లేడు లోపల బిగుసుకుపోయింది. గోరు విరిగింది తప్ప తమరు కదల్లేదు. దీనికి సవోయ్ వాళ్ల దగ్గరే చిట్కా ఉంది: ఉంగరం తెరిచి ఉంచి, పిడి చివరను బల్లకేసి ఓ దెబ్బ వేస్తే బ్లేడు కాస్త తొంగిచూస్తుంది. ప్రభువుల దర్శనానికి ఇలా తలుపు కొట్టాల్సి రావడం ఎక్కడైనా ఉందా? కొట్టాను, వచ్చారు, తుడిచాను, నూనె రాశాను. నా తల నూనె చూసి ఎన్నాళ్లయిందో మా ఆవిడ ఆ సందర్భంలోనే గుర్తుచేసింది.

ఈ వైభోగమంతా మా కత్తిపీట చూస్తోంది. కమ్మరి కొలిమిలో పుట్టి, మా అత్తగారి కాలి కింద నలుగుతూ, గుమ్మడికాయ దగ్గర్నుంచి ఆవకాయ టెంక దాకా నరికి, కడిగి గోడకు చేరవేస్తే అక్కడే నిలబడే మనిషి. దాని తుప్పు గురించి ఎవరూ చదవలేదు. బంధువులొస్తే దాన్ని ఎవరూ చూపించరు. తమరినైతే నేనే చూపిస్తాను. అందరూ ముందు ధర అడుగుతారు, విన్నాక తమరిని టీపాయ్ మీద జాగ్రత్తగా పెట్టేస్తారు. కత్తి చేతికిస్తే గొడవలొస్తాయని మావాళ్ల నమ్మకం. ధర విన్నాక మా ఇంట్లో చేతికివ్వకుండానే వచ్చాయి.

దసరా దగ్గర పడుతోంది. ఆయుధపూజకు స్కూటరు, కుట్టుమిషను, కత్తిపీట పక్కన తమరికీ పీట వేస్తానంటోంది మా ఆవిడ. తడి పసుపు పూసి, కుంకుమ అద్ది, మర్నాటి దాకా కదపకూడదు. తమరు ఆ ఒక్క రాత్రి ఎర్ర తుప్పు పట్టకుండా ఓర్చుకోగలరో లేదో ముందే సెలవిస్తే, తమరి బదులు మీ అట్టపెట్టెకు బొట్టు పెట్టిస్తాను.

ఇట్లు,
తమరి నూనెసేవలో,
యజమాని అని బిల్లులో రాసి ఉన్నవాడు

తా.క.: కొబ్బరిచిప్పలోంచి కొబ్బరి ఊడదీయడానికి చాకు ఇమ్మని అత్తగారు ఇప్పుడే కేకేశారు. తమరి ముక్కు విరుగుతుందని భయపడి, బీరువా తాళంచెవి కనబడటం లేదని చెప్పాను. ఆవిడ వెతకడానికి వస్తున్నారు.